కొవ్వు ఏ దారిన వస్తోంది?

జొన్న గట్క, పల్లి నూనె, ఇప్ప నూనె తిన్న ఉత్తర తెలంగాణ ఇప్పుడు తింటున్న కొవ్వు ఏది? గుండె లెక్కలో దాని వాటా ఎంత?

పుష్య పౌర్ణమికి ఆదిలాబాద్ జిల్లా నార్నూర్‌లో ఖాందేవ్ జాతర మొదలవుతుంది. తొడసం వంశపు గోండులు తమ దైవానికి మొక్కు చెల్లించే జాతర అది. ఆ వంశపు ఆడపడుచు ఒకామె దేవుడి ముందు కూర్చుని నువ్వుల నూనె తాగుతుంది. గుక్కెడో గ్లాసెడో అయితే వార్త అయ్యేది కాదు, దాదాపు రెండు కిలోలు తాగుతుంది. పంటలు పండాలని, వంశం చల్లగా ఉండాలని మొక్కు. 1961 నుంచి ఇది తప్పకుండా సాగుతోందని తొడసం పెద్దలు చెబుతారు. ఒకసారి పూనుకున్న ఆడపడుచు వరసగా మూడేళ్లు ఆ మొక్కు తీర్చాలి.

ఏటా ఈ వార్త ఫొటోతో సహా పేపర్లలో వస్తుంది. చదివినవాళ్లు ముందుగా అనే మాట, "అంత నూనె తాగితే గుండె ఏం కావాలి?" అని. మొక్కు వేరు, రోజువారీ తిండి వేరు. దేవుడి ముందు జరిగేదాన్ని ఎవరూ ఇంట్లో చేసి చూడకూడదు. కానీ లెక్క మాత్రం వేయొచ్చు. నువ్వుల నూనెలో గుండె డాక్టర్లు జాగ్రత్త చెప్పే సంతృప్త కొవ్వు, అంటే శాచురేటెడ్ ఫ్యాట్, 15 శాతం దాకా ఉంటుంది. రెండు కిలోల నూనెలో 300 గ్రాములు. మనిషి రోజూ తినే శక్తిలో సంతృప్త కొవ్వు వాటా పదో వంతు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో మళ్లీ చెప్పింది. రెండు వేల కేలరీలు తినేవారికి అది రోజుకు 22 గ్రాములు. అంటే నార్నూర్ ఆడపడుచు ఒక్క పూటలో రెండు వారాల కోటా తాగిందన్నమాట. ఆమె అది ఏడాదికి ఒకసారి, మూడేళ్లే చేస్తుంది. అదే కోటాను ఎవరి కంటా పడకుండా, ఏ దేవుడికీ మొక్కకుండా, రోజూ కొంచెం కొంచెంగా దాటేస్తున్నవాళ్లు కరీంనగర్ బస్టాండు చుట్టూ ఎంతమంది ఉన్నారో ఎవరూ ఫొటో తీయరు.

చలికి గడ్డకట్టే నూనె

ఆదిలాబాద్ అడవి పల్లెల్లో గోండులు, కొలాములు వాడుకునే అసలు కొవ్వు నువ్వులది కాదు, ఇప్పది. ఎండాకాలం మొదట్లో పువ్వు రాలుతుంది, వానలు పడే ముందు కాయ పండుతుంది. పువ్వు తీపిది, దానిలో ఉండేది చక్కెర. ఉట్నూరులో మహిళా సంఘం చేసే ఇప్పపువ్వు లడ్డూలు ఈ మధ్య పేరు తెచ్చుకున్నది ఆ పువ్వుతోనే. కొవ్వు ఉండేది గింజలో. ఎండబెట్టి, పొట్టు తీసి, పప్పును పిండితే పప్పు బరువులో సగం దాకా నూనే. వంటకు, దీపానికి, ఒంటికి రాసుకోవడానికి అదే. చలికాలం పొద్దున చూస్తే సీసాలో నెయ్యిలా పేరుకుని ఉంటుంది.

అలా పేరుకునే గుణమే సంతృప్త కొవ్వుకు గుర్తు. ఇప్ప నూనెలో అది 45 శాతానికి అటూ ఇటూ. పల్లి నూనెకు రెండింతలకు పైన, ఇంచుమించు పామాయిల్ దగ్గరికి వచ్చేంత. పుస్తకం ప్రకారం చూస్తే అడవి మనిషి గుండె మీద ఇంత బరువు ఉండకూడదు.

అయితే కొవ్వు అంతా ఒక్క రకం కాదు. ఇప్ప నూనెలోని సంతృప్త కొవ్వులో సగం దాకా స్టియరిక్ ఆమ్లం. అది రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెద్దగా పెంచదని చాలాకాలంగా తెలిసిన సంగతే. పామాయిల్‌లో ఉన్నది ఎక్కువగా పామిటిక్ ఆమ్లం, పెంచేది అది. రెండో సంగతి, ఎంత వాడారన్నది. గింజలు ఏరి, దంచి, పిండి తెచ్చుకున్న నూనెను బోర్లించి పోసే ఇల్లాలు ఎక్కడా ఉండదు. జొన్న గట్క, పప్పు, ఆకుకూర, పైన ఒక చెంచా నూనె. ఆ చెంచా నూనె కోసం నడిచిన నడక వేరే. 1940లలో మార్లవాయిలో గోండుల మధ్య కాపురం ఉన్న మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చూసిన ఆదిలాబాద్‌లో రోడ్డు లేదు, ప్యాకెట్టు లేదు. కాబట్టి ఇప్ప నూనె తిన్నా ఏం కాలేదు గనుక ఏ నూనె తిన్నా ఏం కాదని వాదించేవారికి ఆ జీవితం సాక్ష్యం చెప్పదు.

కాలేయం దగ్గర జరిగేది

కొవ్వు తింటే అది నేరుగా వెళ్లి గుండె నాళాలకు అంటుకుంటుందని చాలామంది అనుకుంటారు. జరిగేది కొంచెం చుట్టుదారి. రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ను మోసుకు తిరిగే ఎల్‌డీఎల్ రేణువులను పట్టి లోపలికి లాక్కునే గ్రాహకాలు కాలేయ కణాల మీద ఉంటాయి. మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు 1970లలో వీటిని కనిపెట్టారు, 1985లో నోబెల్ బహుమతి అందుకున్నారు. సంతృప్త కొవ్వు ఎక్కువగా తిన్నవారిలో ఈ గ్రాహకాలు తగ్గుతాయి. దాంతో ఎల్‌డీఎల్ రక్తంలోనే ఎక్కువసేపు తిరుగుతుంది. తిరిగినకొద్దీ నాళాల గోడల్లోకి చొరబడి అక్కడ చిక్కుకుంటుంది. ముప్పై నలభై ఏళ్లు ఇలా పేరుకుని గడ్డ అయ్యాక ఒకరోజు అది పగులుతుంది, దాని మీద రక్తం పేరుకుని దారి మూసుకుపోతుంది. నొప్పి ఆ పూటే వస్తుంది, కానీ లెక్క ఎప్పటినుంచో నడుస్తోంది.

మనవాళ్లలో ఆ లెక్క త్వరగా ముగుస్తోంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియావాసులకు మొదటి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53 ఏళ్లని తేలింది, మిగతా దేశాలవారికంటే అయిదారేళ్లు ముందే. పల్లె మనుషులకు ఇది రాదన్న నమ్మకం కూడా ఎప్పుడో చెరిగిపోయింది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో 2003–04లో జరిగిన మరణాలకు కారణాలు వెతికితే, మూడింట ఒక వంతుకు దగ్గరగా గుండె, రక్తనాళాల జబ్బులే కనిపించాయి. నార్నూర్‌లో ఛాతీ పట్టేసినవాడికైతే ఇంకో కష్టం ఉంది. ఆదిలాబాద్ నుంచే హైదరాబాద్ 300 కిలోమీటర్లు.

వెన్న తినమన్న ముఖచిత్రం

ఇక అసలు గొడవ. నెయ్యి మంచిదని ఒక వీడియో, విషమని ఇంకో వీడియో. ఈ గొడవ మన ఫోన్లలో పుట్టలేదు. అమెరికాలో యాన్సెల్ కీస్ 1958లో ఏడు దేశాల అధ్యయనం మొదలుపెట్టి, సంతృప్త కొవ్వు ఎక్కువ తినే తూర్పు ఫిన్లాండ్‌లో గుండె మరణాలు ఎక్కువనీ, ఆలివ్ నూనెలో మునిగి తేలే క్రీట్ దీవిలో చాలా తక్కువనీ చూపించారు. ఆ ఏడు దేశాల్లో మనం లేము. మన దగ్గర ఆ పనికి పూనుకున్నది ఒక రైల్వే డాక్టరు. ఎస్.ఎల్. మల్హోత్రా దేశంలోని పది లక్షలకు పైగా రైల్వే ఉద్యోగుల 1958–62 మరణాల రికార్డులు తిరగేసి 1967లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించిన ఫలితం ఇప్పటికీ తికమక పెడుతుంది. నెయ్యి, పాల కొవ్వు బాగా తినే ఉత్తరాదివారికంటే గింజల నూనెతో వండుకునే దక్షిణాదివారిలో గుండె మరణాలు ఏడు రెట్లు. నెయ్యి అమ్మేవాళ్లకు ఇంతకన్నా మంచి ప్రకటన దొరకదు, వాడుకుంటూనే ఉన్నారు.

నాకు మాత్రం ఆ అంకె మీద అంత నమ్మకం లేదు. అది రికార్డుల్లో రాసిన మరణ కారణాల మీద కట్టిన లెక్క. ఒక్కొక్క ఉద్యోగి ఏం తిన్నాడో, అతని రక్తపోటు ఎంతో, ఆ రోజుల్లో ఏ ఊళ్లో డాక్టరు గుండెజబ్బును గుర్తుపట్టి రాశాడో, ఏ ఊళ్లో పట్టలేదో, అందులో తేలదు. అయినా అది ఒక మంచి ప్రశ్న మిగిల్చింది. కొవ్వు ఒక్కటే దోషి అయితే, బియ్యం తినే దక్షిణాదివాడు ఎందుకు ముందుగా పోతున్నాడు?

2014లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశోధక బృందం, సంతృప్త కొవ్వుకూ గుండెజబ్బుకూ స్పష్టమైన లంకె కనబడలేదంది. ఆ ఏడే టైమ్ పత్రిక ముఖచిత్రం మీద వెన్న వేసి తినమంది. వెన్న తినొచ్చన్న ఆ మాట మన దాకా వచ్చింది, ఆ తర్వాతి మాట రాలేదు. 2020లో కోక్రేన్ సంస్థ 15 ప్రయోగాలను, 56 వేల మందికి పైగా మనుషులను పరిశీలించింది. సంతృప్త కొవ్వును రెండేళ్లకు పైగా తగ్గించినవారిలో గుండెపోటు, పక్షవాతం వంటివి మొత్తం మీద 17 శాతం తగ్గాయి. మరణాల్లో మాత్రం పెద్ద తేడా కనబడలేదు. తగ్గించిన కొవ్వు స్థానంలో ఏం తిన్నారన్నదాన్ని బట్టే ఫలితం మారుతుందని అధ్యయనాలన్నీ కలిపి చదివితే అర్థమవుతుంది. పొద్దుతిరుగుడు, సోయా, కుసుమ వంటి నూనెలు వస్తే మేలు. తెల్ల అన్నం, మైదా, చక్కెర వస్తే మేలు ఎగిరిపోతుంది. 2014 గందరగోళంలో సగం అక్కడే ఉంది. కొవ్వు మానేసి బ్రెడ్డు తిన్నవాళ్లను కూడా 'కొవ్వు తగ్గించినవాళ్లు' కిందే లెక్కగట్టారు.

మన కథలో ఇది ముఖ్యం. ఎందుకంటే అన్నం, చక్కెర శరీరం ఖర్చుపెట్టగలిగిన దానికంటే ఎక్కువైతే కాలేయం వాటిని కొవ్వుగా మారుస్తుంది. అలా తయారుచేసే కొవ్వులో ముఖ్యమైనది పామిటిక్ ఆమ్లం, పామాయిల్‌లో ఉన్నదే. నూనె ముట్టకుండా మూడు పూటలా అన్నం పెట్టుకునే మనిషి కూడా తన సంతృప్త కొవ్వును తానే వండుకుంటున్నాడు. భారతీయులు తినే శక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని భారత వైద్య పరిశోధన మండలి పెద్ద సర్వే చెప్పింది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ తక్కువ అని ల్యాబు కాగితం మీద వచ్చే జంట అంకెల వెనక ఉన్నది తరచుగా కంచంలోని అన్నం కుప్పే.

ప్యాకెట్టు వచ్చిన దారి

కరీంనగర్ పల్లెల్లో అన్నం పండుగ తిండిగా ఉన్న రోజులు పెద్దవాళ్లకు గుర్తే. రోజూ గట్క, జొన్న రొట్టె, మక్క గట్క, అంబలి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. శ్రీరాంసాగర్ కాలువలు వచ్చాయి, బోర్లు వచ్చాయి, జిల్లా వరి పంటకు రాష్ట్రంలోనే పేరు తెచ్చుకుంది. ఆకలి తీర్చిన బియ్యాన్ని తిట్టడం నాకు ఇష్టం లేదు. కానీ జొన్న పోయినచోటికి బియ్యం వచ్చినట్టే, గానుగ పోయినచోటికి పామోలిన్ వచ్చింది.

1994లో కేంద్రం పామోలిన్ దిగుమతులకు తలుపులు తీసింది. తర్వాతి ఇరవై ఏళ్లలో మలేషియా, ఇండోనేషియా నూనె దేశంలోకి వరదలా వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుంచి రేషన్ షాపుల్లో లీటరు పామోలిన్ ప్యాకెట్లు ఇచ్చారు. 2013 ఉగాదికి మొదలైన అమ్మహస్తం సంచిలో, 185 రూపాయలకు ఇచ్చే తొమ్మిది సరుకుల్లో అదొకటి. పేదింట్లో నూనె చుక్క కరువైన కాలంలో అది మేలే చేసింది. కూరలో తాలింపు పడింది, పిల్లలకు శక్తి అందింది. చవక నూనె అలవాటు కూడా పడింది.

ఇప్పుడు ఇంటి లెక్క చూద్దాం. నలుగురున్న ఇంట్లో నెలకు మూడు లీటర్లు వాడితే మనిషికి రోజుకు 23 గ్రాముల నూనె. అది పామోలిన్ అయితే దానిలో సంతృప్త కొవ్వు పది గ్రాములకు కొంచెం తక్కువ. పల్లి నూనె అయితే నాలుగు. పొద్దుతిరుగుడు అయితే రెండున్నర. 22 గ్రాముల పరిమితిలో పామోలిన్ ఒక్కటే సగానికి దగ్గరగా తినేస్తుంది. ఒక మాట కూడా ఇక్కడే చెప్పాలి. కరీంనగర్‌లో వీధికొకటిగా వెలిసిన గానుగ దుకాణాల్లో రెండింతల ధరకు కొనే పల్లి నూనెలోనూ, ఫ్యాక్టరీ పల్లి నూనెలోనూ సంతృప్త కొవ్వు ఒకటే. కట్టె గానుగ రుచిని మారుస్తుందేమో గానీ ఆ శాతాన్ని మార్చదు. అక్కడే 'గుండెకు మంచిది' అని బోర్డు పెట్టి అమ్మే కొబ్బరి నూనెలో అయితే అది 90 శాతం.

ఇంటి గిన్నె దాటి బయటికొస్తే అసలు సంగతి కనిపిస్తుంది. చాయ్. బర్రె పాలలో కొవ్వు ఆరేడు శాతం, దానిలో మూడింట రెండు వంతుల దాకా సంతృప్తమే. చిక్కటి పాలతో కాచిన ఒక్కో చాయ్‌లో రెండు గ్రాముల దాకా వస్తుంది. రోజుకు అయిదు చాయ్‌లు తాగే ఆఫీసు మనిషి పామోలిన్ వాడే ఇంటి నూనెకు సమానంగా చాయ్‌లోనే తాగేస్తాడు, పది చెంచాల చక్కెర అదనం. పాలు, పెరుగు గుండెకు వెన్న, నెయ్యి చేసినంత చెరుపు చేయవని అధ్యయనాలు చెబుతున్నాయి గనుక చాయ్‌ను ముద్దాయిని చేయను. చక్కెరను మాత్రం వదలను.

తర్వాత బేకరీ. ఒకప్పుడు పఫ్‌లు, బిస్కెట్లు, పెళ్లి మిఠాయిలు డాల్డాతోనే. 1937లో మన దేశంలో మొదలైన ఆ వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వు సంతృప్త కొవ్వుకంటే హానికరం, ఆ విషయంలో ఎక్కడా రెండో మాట లేదు. ఆహార భద్రతా సంస్థ దాని పరిమితిని తగ్గిస్తూ తగ్గిస్తూ 2022 జనవరికి రెండు శాతానికి తెచ్చింది. మంచి పని. పఫ్ పొరలు పొరలుగా విడిపోవాలంటే గది వేడిలో గట్టిగా నిలిచే కొవ్వు కావాలి గనుక, ఆ ఖాళీలోకి చాలాచోట్ల పామాయిలే వచ్చింది. ప్యాకెట్టు వెనక్కి తిప్పితే సన్న అక్షరాల్లో పామ్, పామోలిన్ అని ఉంటుంది. వంద గ్రాములకు సంతృప్త కొవ్వు ఎంతో కూడా అక్కడే ఉంటుంది.

మిర్చి బజ్జీల బండి మీద మూకుడు సంగతి వేరు. అక్కడ సమస్య సంతృప్త కొవ్వు ఒక్కటే కాదు, పొద్దటి నూనె రాత్రి దాకా మరగడం. పదే పదే కాచిన నూనెలో చేరే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 నుంచి నిబంధన ఉంది. సంక్రాంతి సకినాలు నన్ను అడిగితే పక్కన పెట్టమనను. కొత్త బియ్యం నానబెట్టి పట్టించిన పిండి, నువ్వులు, వాము, చేత్తో తిప్పిన చుట్లు, ఏడాదికి ఒక పండుగ. ఏడాది పొడవునా షాపులో కిలోల లెక్కన దొరికే సకినాలు ఏ నూనెలో కాలాయో అడిగి కొనడం మంచిది.

యాటకూర గురించి రాయకుండా తెలంగాణలో కొవ్వు వ్యాసం ముగించలేం. మాంసం తినేవారి వాటాలో ఈ రాష్ట్రం దేశంలోనే ముందుందని 2014 సర్వే చెప్పింది, నూటికి 98 మందికి పైగా. వారానికి ఒకసారి, కొవ్వు ముక్కలు తీసేసి తింటే భయపడాల్సింది లేదు. కూర మీద తేలే ఎర్రటి నూనె పొరలో యాట కొవ్వు కూడా ఉంటుంది, దాన్ని అన్నంలో కలుపుకోవడమే రుచి అనేవారికి చెప్పగలిగింది తక్కువ.

ఫిన్లాండ్ మారుమూల నుంచి

ఏడు దేశాల అధ్యయనంలో గుండె మరణాలకు పేరు పడ్డ తూర్పు ఫిన్లాండ్‌లో నార్త్ కరేలియా అనే జిల్లా ఉంది. అడవి, కట్టెల పని, పాడి పశువులు, దూరపు పల్లెలు. ఆదిలాబాద్‌లో మంచు కురిస్తే ఎలా ఉంటుందో అలా. ఊళ్లలో నడివయసు మగవాళ్లు వరసగా పోతుంటే, 1971లో అక్కడి ప్రజాప్రతినిధులు ఏదైనా చేయమని ప్రభుత్వానికి అర్జీ పెట్టారు. 1972లో పెక్కా పుస్కా అనే యువ వైద్యుడి నాయకత్వంలో పని మొదలైంది. పెద్ద ఆస్పత్రి కట్టలేదు. గృహిణుల సంఘాలతో ఊరూరా వంట సాయంత్రాలు పెట్టారు. పాత కూరల్లోనే వెన్న తగ్గించి, కూరగాయలు పెంచి వండి తినిపించారు. సిగరెట్ల మీద పడ్డారు. వెన్న మానేస్తే మా పాలు ఎవరు కొంటారని పాడిరైతులు ఎదురు తిరిగితే, వాళ్లకు బెర్రీ పండ్ల సాగు దారి చూపించారు. నాలుగు దశాబ్దాల్లో అక్కడ పనిచేసే వయసు మగవారిలో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. ఆ తగ్గుదలలో పెద్ద వాటా కొలెస్ట్రాల్ తగ్గడానిదే.

ఆ కథలో నన్ను ఆకట్టుకునేది పాడిరైతుల సంగతి. తిండి మార్చమని చెప్పడం తేలిక. ఆ తిండి మీద బతికేవాడికి ఇంకో పంట చూపించడం కష్టం. మన దగ్గర పరిస్థితి తిరగబడింది. దేశం వాడే వంట నూనెలో సగానికి పైగా దిగుమతే గనుక, కేంద్రం 2021లో 11,040 కోట్లతో ఆయిల్‌పామ్ పథకం తెచ్చింది. తెలంగాణ 20 లక్షల ఎకరాల లక్ష్యం పెట్టుకుంది. కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల, నిర్మల్ చేలల్లో తోటలు కనబడుతున్నాయి. ఎకరానికి నూనె దిగుబడిలో దానికి సాటి వచ్చే పంట లేదు, రైతు ఆ లెక్కే చూస్తాడు, చూడాలి కూడా. అదే జగిత్యాల పక్కన పొలాస పరిశోధన స్థానం శ్వేత, హిమ వంటి తెల్ల నువ్వుల రకాలను తయారుచేసి ఇచ్చింది. ఎండాకాలం నువ్వులకు ఇది మంచి నేల. ఆదిలాబాద్ నల్లరేగడిలో సోయా ఉంది, కుసుమ ఒకప్పుడు విరివిగా ఉండేది. వీటన్నిటి నూనెలో సంతృప్త కొవ్వు 15 శాతాన్ని పెద్దగా దాటదు, కుసుమలో పదికి లోపే.

ఇంటింటి ప్యాకెట్టును ప్రభుత్వం మార్చలేదు. కానీ గురుకులాలు, వసతి గృహాలు, అంగన్‌వాడీలు, బడి మధ్యాహ్న భోజనం, ఇన్నిచోట్ల పిల్లల కంచంలో పడే నూనెకు డబ్బు పెట్టేది ప్రభుత్వమే. టెండరు పిలిచి కొనేచోట ఏ నూనె కొనాలన్నది ఆ కాగితాల్లో ఒక వరుస. అక్కడ పామోలిన్ ఉంటే దాని బదులు సోయానో నువ్వులనో రాస్తే ఉట్నూరు ఆశ్రమ పాఠశాల పిల్లవాడి రోజువారీ సంతృప్త కొవ్వులో కొన్ని గ్రాములు తగ్గుతాయి, ఆదిలాబాద్ సోయా రైతుకు ఇంటి దగ్గరే ఒక పెద్ద కొనుగోలుదారు దొరుకుతాడు. ధరలో తేడా ఎంత, దాన్ని ఎవరు భరించాలి అన్నది వచ్చే టెండరుకు ముందే తేల్చుకోవాల్సిన బేరం.